తేలికపాటి మధ్యస్థ బోరు వేట రైఫిల్

కొండలు ఎక్కుతూ రోజంతా భుజాన మోయగలిగినంత తేలికగా, ఎల్క్, మూస్, గోధుమ ఎలుగు వంటి భారీ జంతువులను ఒక్క దెబ్బతో నేలకూల్చగలిగినంత బలంగా ఉండేలా, ఒక వేటగాడి కొలతలకు ప్రత్యేకంగా చేయించుకునే రైఫిల్ ఇది. ఈ రెండు గుణాలూ ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. బరువు తగ్గిన కొద్దీ తుపాకీ వెనక్కి తన్నే బలం పెరుగుతుంది. తన్ను పెరిగిన కొద్దీ గురి చెడుతుంది. ఆ రెంటికీ పొత్తు కుదర్చడమే ఇలాంటి రైఫిల్‌ను ఎంచుకోవడంలోని అసలు విద్య. ఈ రకం తుపాకులకు ప్రధాన నెలవు అమెరికా పశ్చిమ రాష్ట్రాలు, అలాస్కా, కెనడా. వీటి మూలాలు మాత్రం జర్మనీ, ఇంగ్లండ్‌లలో ఉన్నాయి.

పేరు, పరిధి

బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి రంధ్రం. దాని వ్యాసాన్ని ఆంగ్ల సంప్రదాయంలో అంగుళపు వంతుల్లోనూ, ఐరోపా సంప్రదాయంలో మిల్లీమీటర్లలోనూ చెబుతారు. .30, అంటే 7.62 మి.మీ. దాకా ఉన్నవి చిన్న బోర్లు. .40 దాటినవి పెద్ద బోర్లు. నడుమ ఉన్నవి మధ్యస్థ బోర్లు. వాడుకలో ఈ పేరు ఎక్కువగా .338 నుంచి .375 వరకు, అంటే సుమారు 8.6 మి.మీ. నుంచి 9.5 మి.మీ. వరకు ఉన్న గుండ్లను వాడే రైఫిళ్లకు వర్తిస్తుంది.

తేలిక అన్న మాటకు కచ్చితమైన హద్దు లేదు. కర్ఖానాలో తయారైన మామూలు బోల్టు రైఫిల్ టెలిస్కోపు లేకుండా 3.4 నుంచి 3.6 కిలోలు తూగుతుంది. 3 కిలోల లోపు తూగే దాన్ని తేలికపాటిదని, 2.5 కిలోల దగ్గర ఉన్నదాన్ని అతి తేలికదని అనడం పరిపాటి.

చరిత్ర

మధ్యస్థ బోరు వేట రైఫిల్‌కు పునాది మౌజర్ 98. జర్మన్ సైన్యం 1898లో స్వీకరించిన ఈ యంత్రాంగం ఎంత దృఢమైనదంటే, నేటికీ చాలా బోల్టు రైఫిళ్లు దాని సూత్రాలనే అనుసరిస్తున్నాయి. 1905లో బెర్లిన్ తుపాకుల తయారీదారు ఒట్టో బాక్ ఆ మౌజర్‌లోనే ఇమిడేలా 9.3×62 తూటాను రూపొందించాడు. ఆఫ్రికాలోని జర్మన్ వలసల్లో స్థిరపడిన రైతులకు ఖరీదైన జోడుగొట్టాల తుపాకులు అందుబాటులో లేవు. ఒకే గొట్టంతో, చవకగా, పెద్ద జంతువులను ఆపగల ఆయుధం వారికి దొరికింది.

ఇంగ్లండ్‌లో రిగ్బీ, జెఫ్రీ, వెస్ట్లీ రిచర్డ్స్ సంస్థలు ఇదే కాలంలో తమ సొంత మధ్యస్థ బోర్లను తెచ్చాయి. 1912లో లండన్‌కు చెందిన హాలండ్ అండ్ హాలండ్ విడుదల చేసిన .375 మాగ్నమ్ (మాగ్నమ్ అంటే ఎక్కువ మందు పట్టే తూటా) వాటన్నిటినీ మించి నిలిచింది. అనేక ఆఫ్రికా దేశాల్లో ప్రమాదకరమైన జంతువుల వేటకు చట్టం ఒప్పుకొనే కనీస కొలత నేటికీ .375. కొన్నిచోట్ల 9.3ను కూడా అనుమతిస్తారు.

అమెరికాలో ఈ కథ 1922లో మొదలైంది. జేమ్స్ హౌ అప్పట్లో సైన్యపు ఆయుధాగారంలో పనిచేసే నిపుణుడు. .30-06 సైనిక తూటా మెడను .35కు వెడల్పు చేసి, సైనికాధికారీ రచయితా అయిన టౌన్సెండ్ వీలన్ పేరు మీద దానికి .35 వీలన్ అని పేరు పెట్టాడు. మరుసటి ఏడు హౌ, కర్రపనిలో ఆరితేరిన సేమూర్ గ్రిఫిన్‌తో కలిసి న్యూయార్క్‌లో గ్రిఫిన్ అండ్ హౌ సంస్థను నెలకొల్పాడు. ఉక్కుపని తెలిసిన చేయి, కర్రపని తెలిసిన చేయి కలిసిన ఆ దుకాణం అమెరికా ప్రత్యేక రైఫిళ్ల తయారీకి ఒరవడి పెట్టింది.

కర్ఖానాలు తేలిక బాట పట్టింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. విన్‌చెస్టర్ 1936లో తెచ్చిన మోడల్ 70కి 1952లో ఫెదర్‌వెయిట్ అనే తేలిక రూపం ఇచ్చింది. 1958లో అదే సంస్థ .338 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ను అలాస్కా పేరు తగిలించిన రైఫిల్‌లో విడుదల చేసింది. అలాస్కా వేటగాళ్లు ఈ తూటాను తమదిగా చేసుకున్నారు.

1965లో రెమింగ్టన్ మరో ప్రయోగం చేసింది. .350 మాగ్నమ్ అనే పొట్టి తూటాను 47 సెంటీమీటర్ల గొట్టం, సుమారు 3 కిలోల బరువు ఉన్న మోడల్ 600 కార్బైన్‌లో పెట్టింది. శక్తి విషయంలో లోటు లేదు. కానీ పెద్ద తన్నునూ, చెవులు గింగిర్లెత్తించే చప్పుడునూ కొనేవారు మెచ్చలేదు. కొద్ది ఏళ్లకే ఆ రైఫిల్ మూలపడింది. తేలిక రైఫిల్ చేయించుకోదలచిన ప్రతివారూ గుర్తుంచుకోవలసిన పాఠం ఇది.

కృత్రిమ పదార్థాలు ఈ రంగాన్ని మార్చేశాయి. 1960లలో చెట్ బ్రౌన్, లీ సిక్స్ ఫైబర్‌గ్లాస్ స్టాక్‌లకు బాట వేశారు. 1980లలో వెస్ట్ వర్జీనియాకు చెందిన మెల్విన్ ఫోర్బ్స్ ఇంకో అడుగు వేసి రైఫిల్ మొత్తాన్ని బరువు కోణం నుంచి కొత్తగా ఆలోచించాడు. ఆయన మోడల్ 20కి ఆ పేరు రావడానికి కారణం దాని యాక్షన్ (బోల్టు, దాన్ని పట్టి ఉంచే భాగం) బరువు 20 ఔన్సులు, అంటే సుమారు 570 గ్రాములు మాత్రమే కావడం. కేవ్లార్, గ్రాఫైట్ కలిపిన స్టాక్‌తో ఆయన రైఫిళ్లు 2.3 కిలోల దగ్గర తూగేవి.

తన్ను లెక్క

తుపాకీ వెనక్కి తన్నడానికి కారణం న్యూటన్ మూడో సూత్రం. గుండు, దాని వెంట వెలువడే మందు వాయువులు ముందుకు తీసుకుపోయే ద్రవ్యవేగం ఎంతో, తుపాకీ వెనక్కి అంత ద్రవ్యవేగాన్ని పొందుతుంది. తూటా మారనంత కాలం అది మారదు. తుపాకీ పొందే శక్తి మాత్రం దాని బరువుకు విలోమానుపాతంలో ఉంటుంది: బరువు నాలుగో వంతు తగ్గితే తన్ను మూడో వంతు పెరుగుతుంది.

కొన్ని ఉదాహరణలు తీసుకుందాం. 4 కిలోల రైఫిల్‌లో 180 గ్రెయిన్ల (గ్రెయిన్ గుండు బరువు కొలిచే చిన్న ప్రమాణం) గుండు ఉన్న .30-06 తన్ను సుమారు 27 జూళ్లు. చాలామంది వేటగాళ్లు దీన్ని హాయిగా భరిస్తారు. అదే బరువులో 250 గ్రెయిన్ల .338 విన్‌చెస్టర్ మాగ్నమ్ సుమారు 47 జూళ్లు తన్నుతుంది. దాన్ని 3 కిలోలకు దించితే తన్ను 62 జూళ్లకు ఎగబాకుతుంది. 250 గ్రెయిన్ల .35 వీలన్ 3.5 కిలోల రైఫిల్‌లో 39 జూళ్ల దగ్గర, 3 కిలోల రైఫిల్‌లో 46 జూళ్ల దగ్గర ఉంటుంది.

ఈ అంకెలు ఒక సంగతి తేటతెల్లం చేస్తాయి. 3 కిలోల .35 వీలన్ తన్ను, 4 కిలోల .338 మాగ్నమ్ తన్నుకు ఇంచుమించు సమానం. అంటే మాగ్నమ్ నుంచి మధ్యరకం తూటాకు దిగిన వేటగాడు, అదే తన్నుతో ఒక కిలో బరువు తగ్గించుకోగలడు. వేగాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తేలిక తుపాకీ భుజాన్ని మరింత వేగంగా తాకుతుంది. అంకెల్లో సమానమైన తన్ను కూడా తేలిక తుపాకీలో మరింత పదునుగా అనిపిస్తుంది.

తూటా ఎంపిక

తేలిక రైఫిల్‌కు తూటాను ఎంచుకునేటప్పుడు దాని పొడవు, మందు పరిమాణం, దొరికే తీరు చూడాలి. ఈ దృష్టితో మధ్యస్థ బోర్లు మూడు తరగతులుగా నిలుస్తాయి.

మొదటిది పొట్టి తూటాల తరగతి. .308 విన్‌చెస్టర్ నుంచి పుట్టిన .358 విన్‌చెస్టర్, 2006లో వచ్చిన .338 ఫెడరల్ ఇందులోవి. పొట్టి యాక్షన్‌లో ఇముడుతాయి కాబట్టి రైఫిల్ చాలా తేలికవుతుంది. 200 గజాల లోపు అడవి వేటకు ఇవి చాలు.

రెండోది .30-06 కుటుంబం. .338-06, .35 వీలన్ ఇందులోవి. దాదాపు అంతే పొడవున్న 9.3×62ను కూడా వీటి సరసన చేర్చవచ్చు. మామూలు పొడవు యాక్షన్‌లో ఇముడుతూ, మ్యాగజైన్‌లో అయిదు తూటాలు పట్టనిస్తాయి. .35 వీలన్ 250 గ్రెయిన్ల గుండును గొట్టం మూతి దగ్గర సుమారు 4,300 జూళ్ల శక్తితో, 9.3×62 దాని 286 గ్రెయిన్ల గుండును సుమారు 4,800 జూళ్లతో పంపుతాయి. బరువైన గుండు ఉన్న వీలన్‌ను 200 గజాలకు గురి కుదిర్చితే 300 గజాల దగ్గర గుండు సుమారు ఒక అడుగు కిందికి దిగుతుంది. పెద్ద జంతువుల వేటలో ఎక్కువ అవకాశాలు 300 గజాల లోపే దొరుకుతాయి.

మూడోది మాగ్నమ్ తరగతి. .338 విన్‌చెస్టర్ మాగ్నమ్ సుమారు 5,300 జూళ్లు, .375 హాలండ్ సుమారు 5,800 జూళ్లు ఇస్తాయి. .375 తూటా పొడవు వల్ల దానికి పెద్ద యాక్షన్, దాంతో పెద్ద బరువు తప్పదు. మ్యాగజైన్‌లో మాగ్నమ్‌లు సాధారణంగా మూడే పడతాయి. ఈ తూటాలకు 3.6 కిలోల కంటే తక్కువ బరువు కోరుకోవడం మంచిది కాదు.

దొరికే తీరు చిన్న విషయంగా కనబడినా, అలాస్కాలోని మారుమూల పల్లెలో సామాను తప్పిపోయినప్పుడు దాని విలువ తెలుస్తుంది. .338 మాగ్నమ్, .375 అక్కడి దుకాణాల్లో ఉంటాయి. సొంతంగా మెడ మార్చి చేసుకునే తూటాలు ఏ దుకాణంలోనూ ఉండవు. అమెరికాలో తూటాల కొలతలకు ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ 1926 నుంచి పనిచేస్తోంది. ఆ ప్రమాణాలు ఉన్న తూటానే కొత్తవారు ఎంచుకోవాలి.

గుండు

పాతకాలంలో పెద్ద బోరు కోరుకోవడానికి ఒక కారణం గుండ్ల బలహీనత. ఎముకకు తగిలి చిన్న గుండు చెదిరిపోయేది. 1940లలో జాన్ నోస్లర్ నడుమ లోహపు గోడ ఉన్న పార్టిషన్ గుండును రూపొందించాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెక్కుచెదరక లోపలికి సాగుతుంది. 1980ల చివర బార్న్స్ సంస్థ పూర్తిగా రాగితో చేసిన గుండును తెచ్చింది. ఈ రెండు ఆవిష్కరణలతో మధ్యరకం తూటాలు గతంలో మాగ్నమ్‌లు చేసిన పనిని చేయగలుగుతున్నాయి. తేలిక రైఫిల్ ఆచరణలో సాధ్యం కావడంలో మంచి గుండ్ల పాత్ర తేలిక లోహాల పాత్ర కంటే తక్కువేమీ కాదు.

యాక్షన్

బోల్టు, దాన్ని పట్టి ఉంచే ఉక్కు భాగం కలిస్తే యాక్షన్. మౌజర్ 98లోనూ, 1964కు ముందటి మోడల్ 70లోనూ ఒక పొడవైన కొక్కెం తూటాను మ్యాగజైన్ నుంచి బయటికొచ్చిన క్షణం నుంచే పట్టుకుంటుంది. కంగారులో బోల్టును సగం లాగి మళ్లీ తోసినా తూటా ఇరుక్కోదు. ఎలుగుబంటి తిరగబడే చోట వేటాడేవారు ఈ ఏర్పాటును వదులుకోరు. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700లో తూటాను ముందుకు తోసి చివర్లో పట్టుకునే ఏర్పాటు ఉంది. అది సరళమైనది, గురికి మంచిది. దానికి విడిభాగాలు పుష్కలంగా దొరుకుతాయి.

బరువు తగ్గించడానికి ఉక్కు బదులు టైటానియం వాడతారు. బోల్టుకు గాడులు తీస్తారు, ట్రిగ్గర్ కాపును అల్యూమినియంతో చేస్తారు. యాక్షన్‌ను తూటా పొడవుకు సరిపోయేలా ఎంచుకోవడం వీటన్నిటికంటే ఎక్కువ ఫలితమిస్తుంది.

గొట్టం

మధ్యస్థ బోర్లకు ప్రకృతి ఇచ్చిన ఒక వరం ఇక్కడ కనిపిస్తుంది. వెలుపలి ఆకారం ఒకటే అయినప్పుడు, రంధ్రం పెద్దదైన గొట్టంలో ఉక్కు తక్కువగా మిగులుతుంది. 60 సెంటీమీటర్ల గొట్టంలో .30 బదులు .35 రంధ్రం తీస్తే సుమారు 80 గ్రాములు దానంతటదే తగ్గుతుంది.

పొడవు 56 నుంచి 58 సెంటీమీటర్లు ఉంటే .35 వీలన్, 9.3×62, .338-06 తమ శక్తిని దాదాపు పూర్తిగా ఇస్తాయి. మాగ్నమ్‌లకు 60 సెంటీమీటర్లు అవసరం. పొడవు మరీ తగ్గిస్తే మూతి చప్పుడు భరించలేనిదవుతుంది, ముందు బరువు లేక తుపాకీ చేతుల్లో ఊగుతుంది. గుండును తిప్పే గొట్టం లోపలి మెలికల బిగువును గుండు పొడవును బట్టి నిర్ణయించాలి. .35 వీలన్‌కు 16 అంగుళాలకు ఒక చుట్టు ఉన్న గొట్టాలు మార్కెట్లో ఉన్నాయి. పొడవైన రాగి గుండ్లు వాడదలచినవారు 14 లేదా 12 అంగుళాలకు ఒక చుట్టు కోరడం మేలు.

కార్బన్ పోగులు చుట్టిన గొట్టాలు నేడు ప్రాచుర్యంలో ఉన్నాయి. లావుపాటి ఉక్కు గొట్టంతో పోల్చినప్పుడే వాటి లాభం కనిపిస్తుంది. సన్నని వేట గొట్టంతో పోలిస్తే అవి బరువు తగ్గించేది స్వల్పం. సన్న గొట్టం త్వరగా వేడెక్కుతుందన్న విమర్శ నిజమే. అయితే వేటలో లెక్కకు వచ్చేది చల్లని గొట్టం నుంచి వెళ్లే తొలి గుండు.

స్టాక్

స్టాక్ అంటే యాక్షన్‌ను మోసే శరీరం, భుజానికి ఆనే మడమ. అక్రోటు కర్ర అందానికి సాటి లేదు. కానీ అది 900 గ్రాముల నుంచి కిలోకు పైగా తూగుతుంది, తేమకు ఉబ్బి గురిని కదిలిస్తుంది. వారాల తరబడి వానలో వేటాడే అలాస్కాలో కేవ్లార్, కార్బన్ స్టాక్‌లు రాజ్యమేలడానికి ఇదే కారణం. అవి 500 నుంచి 700 గ్రాముల దాకా తూగుతాయి.

బరువు కంటే ఆకారం ముఖ్యం. చెంప ఆనే గట్టు తిన్నగా ఉంటే తన్ను సూటిగా వెనక్కి వస్తుంది. గట్టు వెనక్కి వాలి ఉంటే మూతి పైకి లేచి, చెంపకు దెబ్బ తగులుతుంది. మడమ వెడల్పుగా ఉండి, మంచి రబ్బరు మెత్త ఉంటే అదే తన్ను ఎక్కువ జాగాలో పరచుకుంటుంది. ట్రిగ్గర్ నుంచి మడమ చివర వరకు ఉన్న పొడవును వేటగాడి చేతుల కొలతకు, అతడు వేసుకునే చలికోటు మందానికి సరిపోల్చి తీయాలి. ప్రత్యేకంగా చేయించుకోవడంలోని ప్రయోజనం మరెక్కడా కనిపించనంతగా ఇక్కడ కనిపిస్తుంది.

గొట్టం మూతికి మందు వాయువులను పక్కలకు మళ్లించే బ్రేక్ అమర్చితే తన్ను బాగా తగ్గుతుంది. దాని చప్పుడు మాత్రం వేటగాడి చెవులకు, పక్కనున్న గైడు చెవులకు శాశ్వత హాని చేయగలదు. విప్పి పెట్టుకునే రకమే ఎంచుకోవాలి, వాడిన ప్రతిసారీ చెవులకు రక్షణ పెట్టుకోవాలి.

గురి సాధనాలు

తక్కువ రెట్ల టెలిస్కోపు, అంటే 1.5 నుంచి 6 లేదా 2 నుంచి 7 రెట్లది చాలు. రెట్ల కంటే కంటికీ అద్దానికీ మధ్య ఎడం ముఖ్యం. తేలిక రైఫిల్ వెనక్కి దూసుకొస్తుంది కాబట్టి ఆ ఎడం 9 సెంటీమీటర్ల కంటే తక్కువైతే కనుబొమ్మ చిట్లుతుంది. టెలిస్కోపు పాడైతే పనికొచ్చేలా ఇనుప గురిపుల్లలు ఉంచుకోవడం అడవి లోతుల్లోకి వెళ్లేవారికి మంచిది.

బరువు పద్దు

తయారీదారుతో మాట్లాడేటప్పుడు ఇంటి ఖర్చు రాసుకున్నట్టు బరువును పద్దు రాసుకోవాలి. యాక్షన్‌కు 700 నుంచి 1,100 గ్రాములు, గొట్టానికి 1,000 నుంచి 1,300, స్టాక్‌కు 500 నుంచి 1,000, టెలిస్కోపు, దాని బిగింపులకు 350 నుంచి 550, పట్టీ, నాలుగు తూటాలకు 200 నుంచి 250. అన్నీ తేలికవైతే మొత్తం 2.8 కిలోల దగ్గర, అన్నీ బరువైనవైతే 4.2 కిలోల దగ్గర తేలుతుంది. కొండ మీద మోసేది ఈ మొత్తాన్నే కాబట్టి, ప్రకటనల్లో చెప్పే ఉత్త తుపాకీ బరువును నమ్ముకోకూడదు. తగ్గించిన బరువు వెనకా ముందూ సమంగా తగ్గాలి. తూకం రెండు చేతుల నడుమ నిలవాలి.

పరీక్ష

చేతికొచ్చిన రైఫిల్‌ను వేటకు తీసుకెళ్లే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి. నిండు మ్యాగజైన్ నుంచి ప్రతి తూటా అడ్డంకి లేకుండా ఛాంబర్‌లోకి ఎక్కాలి. 100 గజాల దగ్గర మూడు గుండ్లు సుమారు 4 సెంటీమీటర్ల వలయంలో పడాలి. వేర్వేరు రోజుల్లో చల్లని గొట్టంతో కాల్చిన తొలి గుండు ఒకేచోట తగలాలి. ఆపైన బల్ల వదిలి నిలబడి, కూర్చుని, మోకాలిపై కాల్చి చూడాలి. తన్నుకు బెదిరి కళ్లు మూసుకుంటున్నట్టు తేలితే తూటాను మార్చాలి, లేదా బరువు పెంచాలి. పరువు కోసం భరించడం పనికిరాదు. బెదిరిన చేయి వదిలిన గుండు జంతువును చంపదు, గాయపరుస్తుంది. అలా గాయపడిన జంతువు రోజుల తరబడి అనుభవించే నరకానికి వేటగాడే బాధ్యుడు.

భారతదేశంలో

మధ్యస్థ బోర్లతో మన దేశానికి పాత పరిచయమే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో హైదరాబాద్ సంస్థానపు అడవుల్లో పులుల వేట రాచరిక వినోదంగా సాగింది. లండన్ తుపాకుల దుకాణాలకు భారత సంస్థానాధీశులు ముఖ్యమైన ఖాతాదారులు. ఆ వేటలూ వ్యవసాయ విస్తరణా కలిసి అడవులను ఖాళీ చేశాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ఆ తర్వాతి సవరణలతో వినోదపు వేటకు తెరపడింది. తుపాకీ కలిగి ఉండాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. పంటలను ధ్వంసం చేసే అడవి పందుల విషయంలో మాత్రం రాష్ట్ర అధికారులు పరిమితంగా అనుమతులు ఇస్తుంటారు. ఇషాపూర్ రైఫిల్ కర్ఖానా తయారుచేసే .315 బోరు రైఫిల్ లైసెన్సుదారుల్లో ప్రసిద్ధం. వినోదపు వేటకు ఇక్కడ చట్టం ఒప్పుకోదు కాబట్టి ఈ వ్యాసంలో చెప్పిన ఎంపిక చట్టబద్ధమైన వేట అనుమతులు ఉన్న దేశాలకే వర్తిస్తుంది. అక్కడ స్థిరపడిన తెలుగువారు సైతం స్థానిక లైసెన్సు, రుతువు, జంతువుల కోటా నియమాలు తెలుసుకున్నాకే ముందడుగు వేయాలి.

మూల్యాంకనం

ఒక శతాబ్దపు అనుభవాన్ని కూడగడితే తేలేది ఇది: పెద్ద జంతువుల కోసం కొండలెక్కే వేటగాడికి .35 వీలన్, .338-06, 9.3×62లలో ఏదో ఒకటి, టెలిస్కోపు, తూటాలతో కలిపి 3.3 నుంచి 3.6 కిలోల మధ్య తూగే రైఫిల్, తన కొలతకు చెక్కిన స్టాక్, మంచి గుండు ఉంటే చాలు. అంతకంటే తేలిక కోరితే గురి, అంతకంటే శక్తి కోరితే భుజం మూల్యం చెల్లించాలి.